మూడు బడులకు మార్నీ దరఖాస్తు

నా పేరు జాస్ ఆల్డర్‌సన్. వయసు డెబ్భై అయిదు. థార్న్‌గిల్ ఊరి బడిలో మొత్తం పంతొమ్మిది మంది పిల్లలం. అక్కడే పదిహేనో ఏడు దాకా చదివి, మర్నాటి నుంచే రాతిగోడల పనిలో చేరాను. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టే పొలం గోడలు. ఈ యార్క్‌షైర్ కొండల్లో పంతొమ్మిది మైళ్ల గోడ నా చేతి కింద లేచింది. జిల్లా సంతలో గోడల పోటీ కప్పు ఆరుసార్లు గెలిచాను. ఏడోసారి నన్ను రెండో స్థానంలో పెట్టిన న్యాయనిర్ణేత ఆ తర్వాతి నెల కంటి ఆపరేషను చేయించుకున్నాడు, అంతకంటే నేనేం చెప్పను. గోడపనిలో అన్నిటికన్నా పై పట్టా ఉన్నవాళ్లం ఈ లోయలో నలుగురం. ఇద్దరు పోయారు. మూడోవాడు ఇప్పుడు కంచెలకు తీగ అమ్ముతున్నాడు.

ఇదంతా ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇంత చేసినవాణ్ణి, మా మనవరాలికి ఒక బడిలో సీటు కోసం పది నెలలు ఫోను పట్టుకుని కూర్చున్నాను.

మార్నీ మా అమ్మాయి జెనెట్ కూతురు. జెనెట్ నర్సు, పొలాల వెంట ఇల్లిల్లూ తిరిగి ముసలివాళ్ల కాళ్లకు కట్లు కట్టే ఉద్యోగం. మార్నీకి మూడేళ్లప్పుడు ఇద్దరూ నా ఇంటికి వచ్చేశారు. శనివారాలు పిల్లను నాతో పనికి తీసుకెళ్లేవాణ్ణి. ఏడేళ్లప్పుడు రాళ్లు లెక్కపెట్టేది. పన్నెండేళ్లప్పుడు, కూలిన గోడకు ఎన్ని బండ్ల రాయి తెప్పించాలో నేను నోటిలెక్క వేసేలోపే చెప్పేది. ఒకసారి గుండ్రని గొర్రెల దొడ్డికి, గోడ పైన వరసగా నిలబెట్టే తలరాళ్లు ఎన్ని పడతాయో ముందే కాగితం మీద వేసి ఇచ్చింది. కట్టాక చూస్తే మూడు రాళ్లే తేడా. అరవై ఏళ్ల అనుభవంతో నేను వేసిన లెక్కకు పదకొండు తేడా వచ్చింది. ఆ కాగితం ఇప్పటికీ నా డబ్బాలో ఉంది.

పదహారేళ్లకు పెద్ద పరీక్షలు రాశాక చదివే రెండేళ్లను మేం సిక్స్త్ ఫారం అంటాం. ఆ తర్వాత ఇక విశ్వవిద్యాలయమే. మార్నీకి కావలసింది ఒక్కటే. ఆ రెండేళ్లూ లెక్కలతో పాటు ఫర్దర్ మ్యాథ్స్ అనే పై లెక్కలు కూడా చదవాలి, అదీ ఎదురుగా నిలబడి చెప్పే మనిషి దగ్గర. పట్నంలోని ప్రభుత్వ కాలేజీలో ఆ తరగతి తీసేశారు. అడిగేవాళ్లు ఏడాదికి ముగ్గురే ఉన్నారట. కావాలంటే వారానికి ఒక గంట తెరలో ఎవరో చెబుతారు.

"అదేం చదువు తాతా," అంది మార్నీ. "నాకు అర్థం కాలేదని నా మొహం చూసి తెలుసుకునేవాళ్లు కావాలి."

ఆ తరగతి నడిపేవి డబ్బున్నవాళ్ల ప్రైవేటు బడులు. అవి ఒక్కొక్కటి ఏడాదికి ఇద్దరినో ముగ్గురినో ఫీజు లేకుండా సిక్స్త్ ఫారంలోకి తీసుకుంటాయి. మాకు వారానికోసారైనా వెళ్లి రాగలిగిన దూరంలో అలాంటివి మూడున్నాయి. ముగ్గురం కూర్చుని మూడింటికీ దరఖాస్తు రాద్దామని అనుకున్నాం.

మొదటి బడి కథ పదకొండు రోజుల్లో ముగిసింది. ముగిసింది అనడం కూడా ఎక్కువే, అసలు మొదలు కాలేదు. మా లోయలో పిల్లలు కాలేజీకి జనవరిలో రాస్తారు. మంచు కురుస్తుండగా, గొర్రెలకు మేత వేసి వచ్చి, తీరుబడిగా. ఎప్పుడూ అంతే. అందుకని అక్టోబరు నెలంతా నేను ఒక పొలం గోడకు పడిన పెద్ద గండి పూడ్చే పనిలో ఉన్నాను. జెనెట్‌కు సెలవు దొరికిన రోజున కంప్యూటరు తెరిచి చూస్తే ఆ బడి గడువు పదకొండు రోజుల కిందటే దాటిపోయింది. మర్నాడు పొద్దున్నే ఫోను చేశాను. అటువైపు కుర్రది చాలా మర్యాదగా వచ్చే ఏడాది రాయమంది. వచ్చే ఏడాది రాస్తే చేరేనాటికి పిల్లకు పదిహేడొస్తాయి, సిక్స్త్ ఫారం సగం అయిపోతుంది అన్నాను. అది నిజమేనని ఒప్పుకుని, ఇంకేమైనా సాయం కావాలా అని అడిగింది.

మిగిలిన రెండు బడుల కాగితాలకు మూడు వారాలు పట్టింది. పిల్ల ఏం చదివింది, ఏం చదవబోతోంది, వచ్చే వేసవి పరీక్షల్లో ఎన్ని మార్కులు వస్తాయని టీచర్లు ఇప్పుడు ఊహిస్తున్నారు, జెనెట్ జీతమెంత, కారెన్నేళ్లది. రాని మార్కులను ఊహించి రాయడమేమిటో నాకు బోధపడలేదు. నా పనిలో కట్టని గోడకు ఎవరూ కప్పు ఇవ్వలేదు. పిల్ల చదువుతున్న బడి హెడ్మాస్టరు రాయాల్సిన సిఫారసు ఉత్తరం గడువుకు రెండు గంటల ముందు వెళ్లింది. అదీ జెనెట్ ఆయన తల్లి కాలికి కట్టు కడుతూ గుర్తుచేస్తే.

తన గురించి తాను రాసుకోవాల్సిన పేజీ ఒకటి ఉంది. మార్నీకి సాయంగా ఉంటుందని నేను రెండు పేజీలు రాసిచ్చాను. పంతొమ్మిది మైళ్లు, ఆరు కప్పులు, ఒక మంత్రిగారి ఎస్టేటులో నేను కట్టిన వంపు గోడ, అన్నీ. పిల్ల ఓపిగ్గా చదివి మడిచి పక్కన పెట్టింది. చివరికి పంపిన కాగితంలో నా గురించి ఉన్నది ఒకే వాక్యం: శనివారాలు మా తాతతో గోడలు కడతాను. నేను నొచ్చుకున్నాను. ఇందులో తప్పేముందని జెనెట్ అడిగితే ఏమీ లేదన్నాను. రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.

రెండో బడి మార్ల్‌బీ హాల్ వాళ్లు నవంబరు చివరి వారంలో పరీక్షకు పిలిచారు. రెండు గంటల లెక్కల పేపరు. మూడు సీట్లకు తొంభై నలుగురు. బయటికి వచ్చిన మార్నీ మొహంలో రంగు లేదు. కారెక్కి పది మైళ్లు దాటాక చెప్పింది. అన్నిటికన్నా పెద్ద లెక్క ఒకటి ఉంది, మార్కుల్లో మూడో వంతు దానికే. రెండు పేజీలు చేశాక చివర్లో ఏదో తప్పని తెలిసింది. మొదటి నుంచీ గీత గీసి కొట్టేసి, మళ్లీ మొదటి వరుస నుంచి మొదలుపెట్టింది. సగంలో గంట కొట్టారు.

అలా చెయ్యడం ఆ పిల్లకు నేర్పింది ఎవరో నాకు తెలుసు. గోడకు పొట్ట వస్తే, ఉబ్బిన చోట ఒక రాయి దూర్చి సరిపెట్టేవాళ్లున్నారు. అది రెండు శీతాకాలాలు ఆగి గొర్రెల మీద పడుతుంది. సరైనవాడు పునాది దాకా విప్పి మళ్లీ కడతాడు. తొమ్మిదేళ్లప్పుడు మార్నీ తన చేత్తో కట్టిన రెండు గజాల గోడలో అడుగు వరసలో ఒక రాయి అడ్డం తిరిగి ఉంటే, మొత్తం విప్పించాను. ఏడుస్తూ విప్పింది, ఏడుస్తూ కట్టింది. ఆ తర్వాత ఎప్పుడూ నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఈ సంగతి ఎంతమందికి గొప్పగా చెప్పుకున్నానో లెక్కలేదు.

డిసెంబరు మొదట్లో మార్ల్‌బీ నుంచి లేదని ఉత్తరం వచ్చింది. జెనెట్ వద్దంటున్నా ఫోను చేశాను. ప్రవేశాలు చూసే ఆవిడ కాస్త పెద్దావిడ, మంచి మనిషే.

"ఆల్డర్‌సన్ గారూ, కొట్టేసిన లెక్కకు మేం మార్కులు వెయ్యమండీ. అందరికీ అదే నియమం."

"వెయ్యొద్దు. కొట్టేసినదాంట్లో తప్పెంతుందో అది చెప్పండి చాలు."

కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది. "నేను లెక్కల మనిషిని కాదు. దిద్దినావిడ పక్కన రాసింది చదువుతాను. చివరి నుంచి మూడో వరుసలో ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ పడింది. మిగతా అంతా సరే. ఇంతే రాశారు."

"ఆ ఒక్కటీ దిద్దుకుని ఉంటే?"

"అలాంటివాటికి నేను జవాబు చెప్పకూడదండీ," అంది. చెప్పకపోవడంలోనే చెప్పేసింది.

ఫోను పెట్టేసి పెరట్లోకి వెళ్లి, పని లేకపోయినా, సుత్తి తీసుకుని ఒక బండరాయిని ముక్కలు చేశాను. విథర్న్ స్కూలు పరీక్షకు ఇంకా నాలుగు రోజులుంది. మూడో బడి, చివరిది. ఆ సాయంత్రం మార్నీ బంగాళాదుంపలు చెక్కుతుంటే ఎదురుగా కూర్చున్నాను.

"పిల్లా, ఇన్నాళ్లూ నేను చెప్పింది గోడకి. కాగితానికి కాదు."

"తెలుసు తాతా."

"తెలిస్తే మరెందుకు కొట్టేశావు?"

"చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది. ఒక తప్పు కనపడగానే కిందున్న వరుసలేవీ నమ్మబుద్ధి కాలేదు."

"కిందున్నవి బాగానే ఉన్నాయట. ఆవిడ చెప్పింది."

మార్నీ కత్తి ఆపింది. ఆ మాట నేను చెప్పకుండా ఉండాల్సిందేమో. కాసేపటికి మళ్లీ చెక్కడం మొదలుపెట్టింది, ముందుకంటే మందంగా.

"ఈసారి తప్పున్న చోటే దిద్దు," అన్నాను. "మిగతాది ముట్టుకోకు."

"అలా దిద్దేవాళ్లని నువ్వేమంటావు?"

"ఏమంటానో నీకు తెలుసుగా."

"అతుకులోళ్లంటావు. ఊళ్లో వాళ్ల పేర్లు పెట్టి మరీ అంటావు."

"అంటాను. రెండు గంటల సేపు నువ్వూ అతుకులదానివే అయిపో. బయటికొచ్చాక మళ్లీ ఆల్డర్‌సన్‌వి అవుదువుగాని."

నవ్వింది కానీ, నేను నవ్వలేదు. అరవై ఏళ్లలో ఎవరికీ అతుకు వెయ్యమని చెప్పినవాణ్ణి కాను.

విథర్న్ మా ఊరికి నలభై ఒక్క మైళ్లు. పిల్లలు పరీక్షకు వెళ్లాక పెద్దవాళ్లందరినీ ఒక పెద్ద హాల్లో కూర్చోబెట్టి టీ, బిస్కెట్లు ఇచ్చారు. నా పక్కనున్నాయన మంచి కోటు వేసుకున్నాడు. వాళ్ల అబ్బాయికి రెండేళ్లుగా ఇద్దరు మాస్టర్లు ఇంటికొచ్చి చెబుతున్నారట. మేం ఎక్కడి నుంచని అడిగితే చెప్పాను. ఎలాగూ అడిగాడు కదా అని నా పని గురించీ, కప్పుల గురించీ చెప్పాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఒకసారి ఆశ్చర్యపోయాడు కూడా. చివర్లో తన ఫోను నంబరు రాసిచ్చి, తోటలో పూల మడి చుట్టూ అడుగున్నర ఎత్తు గోడ ఒకటి కావాలనీ, వచ్చి ఒకసారి చూసి చెప్పమనీ అన్నాడు. నా టీ చల్లారిపోయింది.

మార్నీ మూడు చోట్ల తప్పు చేసి మూడు చోట్లా అక్కడికక్కడే దిద్దింది. గంటకు అయిదు నిమిషాల ముందే పూర్తయింది. తర్వాత ఒకావిడ, ఒకాయన కూర్చోబెట్టి ముప్పావుగంట మాట్లాడారు. గుండ్రటి దొడ్డి లెక్క గురించి బోర్డు మీద గీసి చూపించమన్నారట. చూపించింది. ఆయన తన కుర్చీ ముందుకు లాక్కున్నాడట. దారంతా ఆ కుర్చీ గురించే మాట్లాడుకున్నాం.

క్రిస్మస్‌కు వారం ముందు ఉత్తరం వచ్చింది. ఉన్న రెండు ఫీజు లేని సీట్లూ ఇచ్చేశారు. మార్నీ పేరు నిరీక్షణ జాబితాలో మూడోది. ఎవరైనా వద్దనుకుంటే పిలుస్తాం, ఈలోగా వేరే ఏర్పాట్లు చేసుకోవడం మంచిదని రాశారు.

అక్కడి నుంచి మొదలైంది అసలు యాతన. లేదంటే లేదని ఒక ఏడుపు ఏడ్చి ఊరుకోవచ్చు. ఉందంటే సంతోషించవచ్చు. మూడోది అంటే ఏం చెయ్యాలి? ప్రతి నెలా మొదటి మంగళవారం విథర్న్‌కు ఫోను చేసేవాణ్ణి. అక్కడ ప్రవేశాలు చూసే మిసెస్ పెంబర్ నా గొంతు విని పేరు అడగడం మానేసింది. జనవరిలో మూడోది. ఫిబ్రవరిలో మూడోది. మార్చిలో రెండోది అయింది. జెనెట్‌కు కేకు తెమ్మని చెప్పాను, తెచ్చింది. ఏప్రిల్, మే, జూన్, అన్నీ రెండోదే. మధ్యలో పట్నం కాలేజీకి కూడా రాశాం, వాళ్లు అడగ్గానే ఇచ్చారు. మార్నీ ఇంట్లో ఈ మాట ఎత్తడం మానేసింది. నేను ఫోను తీస్తే పై గదిలోకి వెళ్లేది.

పొరుగున ఉండే క్లిఫ్ ప్రాటస్ నాతో పాటే ఊరి బడిలో చదివాడు. గేటు దగ్గర నన్ను చూసినప్పుడల్లా, "ఏరా జాస్, రాజుగారి దగ్గర్నుంచి కబురొచ్చిందా?" అనేవాడు. మొదట్లో జవాబిచ్చాను. జూలై వచ్చేసరికి వాడి గేటు వైపు వెళ్లకుండా పొలం చుట్టూ తిరిగి వచ్చేవాణ్ణి.

ఆగస్టులో పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో తొమ్మిది, అంతకు పైన లేదు. భౌతికశాస్త్రంలో తొమ్మిది. మొత్తం ఏడు తొమ్మిదులు, రెండు ఎనిమిదులు. మా కుటుంబంలో, మా ఊళ్లో, నాకు తెలిసినంతవరకు ఈ లోయ పై సగంలో ఇంతవరకు ఎవరికీ రాలేదు. వెంటనే మిసెస్ పెంబర్‌కు చెప్పాను. ఆవిడ మనస్ఫూర్తిగా అభినందించింది. జాబితా మార్కులను బట్టి కదలదనీ, ఖాళీని బట్టే కదులుతుందనీ చెప్పింది. అంటే ఆ పిల్ల ఇక చెయ్యగలిగింది ఏమీ లేదన్నమాట. నా బతుకులో అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు. కోప్పడ్డానికి ఒక్క మనిషైనా లేడు.

సెప్టెంబరులో మార్నీ ఆరూ యాభై బస్సెక్కి కాలేజీకి వెళ్లడం మొదలుపెట్టింది. మొదటి గురువారం తెరలో పాఠం. పదిహేడు మంది, పదిహేడు ఊళ్ల నుంచి. చెప్పేది అర్థం కాక చెయ్యెత్తే బొమ్మ నొక్కితే, చెప్పేవాడు చూసుకునేసరికి గంట అయిపోయిందట. ఇంటికొచ్చి పుస్తకం ముందేసుకుని, తనంతట తానే అర్థం చేసుకుంటానని కూర్చుంది.

రెండో వారం బుధవారం, మధ్యాహ్నం రెండున్నరకు ఇంటి ఫోను మోగింది. ఈసారి మిసెస్ పెంబర్ తనే చేసింది. సీటు ఉంది. సాయంత్రం అయిదులోగా అవునో కాదో చెప్పాలి, లేకపోతే తర్వాతి పేరుకు వెళ్తారు. జెనెట్‌కు చేస్తే దొరకలేదు, ఏ కొండ వెనక ఉందో. మార్నీ ఫోను క్లాసులో ఆఫ్. అయిదింటికి ఆ పిల్ల బస్సులోనే ఉంటుంది, దారి పొడుగునా ఫోనుకు సిగ్నల్ ఉండదు.

"మీరు తాతగారే కదా," అంది మిసెస్ పెంబర్. "మీరు చెప్పినా రాసుకుంటాను."

అవునన్న మాట నాలుక చివర ఉంది. పది నెలలుగా అక్కడే ఉంది. కానీ ఆ పిల్ల కొత్త చోట రెండు వారాలు కూర్చుని వచ్చింది. అక్కడ ఇద్దరు స్నేహితులు కూడా దొరికారు. విథర్న్ అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా హాస్టల్లో ఉండాలి. ఆ పిల్ల నోట్లోంచి రావాల్సిన మాట నేనెలా అంటాను?

"తనే చెబుతుంది. నేను వెళ్లి పట్టుకుంటాను," అన్నాను.

పట్నానికి పద్దెనిమిది మైళ్లు. ఆరో మైలు దగ్గర ఎవరో మందను ఒక పొలం నుంచి ఇంకో పొలానికి మారుస్తున్నారు. రోడ్డు నిండా గొర్రెలే. హారను కొట్టాను. గొర్రెలున్న రోడ్డు మీద హారను కొట్టడం మా దగ్గర ఎంత సిగ్గుమాలిన పనో, కొట్టాక నాకే తెలిసింది. కాలేజీ గేటు దగ్గరికి చేరేసరికి మూడూ యాభై. ఆఫీసులో అడిగితే ఎవరి తరఫున, ఏ పనిమీద, ఫోటో ఉన్న కార్డేదని మళ్లీ ఒక కాగితం ఇచ్చారు. నింపుతుండగానే మార్నీ బస్సు కోసం బయటికి వస్తూ నన్ను చూసింది.

"తాతా, అమ్మకేమైంది?"

"ఏం కాలేదు. విథర్న్ వాళ్లు పిలిచారు. అయిదులోగా చెప్పాలి."

మార్నీ పుస్తకాల సంచి కింద పెట్టింది. తర్వాత ఆఫీసు ఫోను అడిగి తీసుకుంది. ఒకే ప్రశ్న వేసింది: "పై లెక్కలు చెప్పేవాళ్లు గదిలోనే ఉంటారా అండీ?" ఇద్దరున్నారనీ, ఇద్దరూ ఆ ఆవరణలోనే కాపురం ఉంటారనీ అటునుంచి చెప్పారు. "అయితే వస్తాను," అంది. పది నెలలుగా నడిచిన వ్యవహారం నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

నేను ఫోను అందుకున్నాను. ఊరుకుని ఉండాల్సింది. ఇన్నాళ్ల తర్వాత ఏది చూసి ఇచ్చారని అడిగాను. ఏడు తొమ్మిదులా, పరీక్షా, ఆ గుండ్రటి దొడ్డి లెక్కా? మిసెస్ పెంబర్ అబద్ధం చెప్పే మనిషి కాదు. జాబితాలో ముందున్న అమ్మాయి వేసవిలో వేరే బడికి వెళ్లిపోయిందట. సీటు వచ్చిన అబ్బాయి నాన్నకు మొన్న సోమవారం సింగపూర్ బదిలీ అయి, ఇంటిల్లిపాదీ అక్కడికి వెళ్లిపోతున్నారట. అంతే.

ఊరు దగ్గర పడుతుండగా మార్నీ అంది, "తాతా, అక్కడ సిక్స్త్ ఫారం వాళ్లు యూనిఫాం వేసుకోరు. ఆఫీసుకు వెళ్లినట్టు కోటూ ప్యాంటూ వేసుకోవాలి. సోమవారానికల్లా."

"శనివారం కొందాం."

"నువ్వు రావద్దు. కొట్లో అందరికీ చెబుతావు."

"ఏమని చెప్పను?" అన్నాను. నిజంగానే అడిగాను.

ఇంటి ముందు క్లిఫ్ తన గేటు మీద మోచేతులు పెట్టుకుని ఉన్నాడు. ఈసారి పొలం చుట్టూ తిరగడానికి దారి లేదు. మార్నీ దిగుతూ తనే చెప్పేసింది. వాడు టోపీ తీశాడు. వాడు టోపీ తియ్యడం నేను చావు ఇళ్లలోనే చూశాను.

"శభాష్ పిల్లా," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఎలా సాధించిందిరా? చెప్పు, వింటాను. ఈసారి అడ్డు రాను," అన్నాడు.

నా గురించి అడిగితే ముప్పావుగంట చెప్పగలను. మార్నీ గురించి అడిగితే రోజంతా చెప్పగలను. వాడు అడిగింది ఆ సీటు గురించి.

"సింగపూర్‌లో ఎవరికో ఉద్యోగం వచ్చింది," అన్నాను.

క్లిఫ్ నా మొహంలోకి చూశాడు. ఆ మాటకు తల ఎక్కడో, తోక ఎక్కడో వాడికి దొరకలేదు. నాకు మాత్రం ఎక్కడ దొరికింది? మార్నీ అప్పటికే లోపలికి వెళ్లి, రెండు వారాల కాలేజీ పుస్తకాలు తిరిగి ఇచ్చెయ్యడానికి సంచిలో సర్దుతోంది.